పిడుగైన మానవులు

ఆకాశము ఉరిమినంతనే తెలుగువారి ఇండ్లలో పెద్దలు పిల్లలను దగ్గరకు తీసికొని "అర్జునా! ఫల్గుణా!" అని పలికింతురు. పార్థుడు, కిరీటి, శ్వేతవాహనుడు, బీభత్సుడు, విజయుడు, కృష్ణుడు, సవ్యసాచి, ధనంజయుడు అను తక్కిన నామములు వచ్చినవారు పదింటిని పూర్తిచేయుదురు. రానివారు మొదటి రెంటినే మరల మరల అనుకొందురు. గోదావరీతీరమున రామగుండము, గోదావరిఖని బొగ్గుగనుల కాలనీలలోను ఈ అలవాటు నిలిచియున్నది. ఓపెన్ కాస్టు గనులలో రాతిపొరలను మందుగుండుతో పేల్చునపుడు ఇండ్ల గోడలదరుట అక్కడివారికి క్రొత్త కాదు. ఆ చప్పుడునకు అర్జునుని పిలువవలెనని ఎవరికిని తోచదు. మేఘము గర్జించినపుడే ఆ పేరు నోటికి వచ్చును.

ఇచ్చట ఒక సందేహము కలుగుచున్నది. మేఘములకును వజ్రాయుధమునకును అధిపతి ఇంద్రుడు. ఉరుమునకు భయపడినవాడు ఆ దేవతను పిలువక, మనుష్యలోకమున పుట్టి, మనుష్యులతో పెరిగి, హిమవత్పర్వతముకడ నేలకూలిన ఒక రాజకుమారుని పిలుచుటకు కారణమేమి?

చదువుకొన్నవారు దీనికి విరాటపర్వమునుండి సమాధానము చెప్పుదురు. కౌరవసేనను చూచి వణకిన ఉత్తరకుమారునకు జమ్మిచెట్టుకడ అర్జునుడు తన పది నామములను, వాని అర్థములను చెప్పి ధైర్యము కలిగించెను గాన, ఆ నామములు భీతిని హరించునని వారి మాట. పల్లెజనులు చెప్పు కథ వేరు. అర్జునుని రథము నేటికిని ఆకాశమున తిరుగుచున్నదనియు, దాని చక్రముల ధ్వనియే ఉరుము అనియు, ఆ రథపు శీల ఊడిపడుటయే పిడుగు అనియు వారు చెప్పుకొందురు. తన పేరు పలికినచోట శీల పడకుండ ఆయన చూచుకొనునట! శాస్త్రగ్రంథములలో ఈ కథ కానరాదు. ఐనను ఖాండవదహనమును ఎరిగినవారు దీనిని చూచి నవ్వరు. నాడు ఇంద్రుడు కుంభవృష్టి కురిపించి, తుదకు వజ్రమును చేతబట్టి నిలిచినపుడు, ఆయనకెదురుగా బాణములతో ఆకాశమును కప్పినవాడు ఆయన కుమారుడైన అర్జునుడే. ప్రక్కన శ్రీకృష్ణుడుండెను. తండ్రి కోపము నెరిగి దాని నాపగలిగిన కొడుకును పిలుచుట జానపదుల తెలివియే కాని తెలివిలేమి కాదు.

ఇట్లు ఉరుములోను వానలోను మానవుని చూచినవారు ఈ ప్రాంతమున ఇంకను కలరు. గోదావరికి ఉత్తరమున ఆదిలాబాదు అడవులలోని కొలాములకు భీముడే ప్రధానదైవము. నాయకపోడువారు లక్ష్మీదేవరతోపాటు పాండవుల ముఖములను కొయ్యతో చేయించుకొని ఊరేగింతురు. మధ్యభారతపు గోండులలో భీముని వాననిచ్చు దేవరగా కొలుచు తెగలున్నవి. వేదమున సుధన్వుని కుమారులైన ఋభువులు మానవులైయుండి తమ శిల్పనైపుణ్యముచేత దేవత్వము పొందిరని స్పష్టముగా చెప్పబడినది. కాబట్టి మనుష్యుడు దేవతయగుట మన సంప్రదాయమునకు కొత్త మాట కాదు. కాని మనుష్యుడు పిడుగైనపుడు మాత్రము ఒక చిక్కు వచ్చిపడును. గాలికి, నీటికి పగ లేదు; మనుష్యునకు కలదు. పిడుగులో మనుష్యుడుండెనేని వాని పగయు పిడుగులో నుండును. అప్పుడు పిడుగు పడినచోటెల్ల ఒక అపరాధి ఉండితీరవలెనని జనులు వెదకుటకు మొదలిడుదురు.

ఇది ఎట్లు జరుగునో తెలిసికొనుటకు జపానుదేశపు కథ ఒకటి మిక్కిలి ఉపకరించును. సుగవర మిచిజనె అను మహాపండితుడు ఆ దేశమున క్రీ.శ. 845లో జన్మించెను. చీనాభాషయందు కవిత్వము చెప్పి, విద్యాబలముచేత 899లో ఉన్నతమైన మంత్రిపదవి కెక్కెను. అసూయాపరులైన ఫుజివర వంశీయులు ఆయనపై నింద మోపగా, 901లో చక్రవర్తి ఆయనను దక్షిణమున దజైఫు అను దూరప్రదేశమునకు పంపివేసెను. అచ్చటనే 903లో దైన్యమున మరణించెను. నింద మోపినవారిలో ముఖ్యుడైన తొకిహిర 909లో చిన్నవయస్సుననే చనిపోయెను. 923లో యువరాజు పోయెను. భయపడిన రాజసభవారు అదే సంవత్సరము చనిపోయిన పండితునకు పూర్వపదవిని తిరిగి ఇచ్చిరి. ఐనను 930లో మంత్రులు సభతీరియుండగా రాజప్రాసాదముమీదనే పిడుగుపడి కొందరు మరణించిరి. కొద్ది మాసములలోనే చక్రవర్తియు గతించెను. ఇక సందేహమేమి? ఆ పండితుడే పిడుగై వచ్చెనని దేశమంతయు నమ్మినది. 947లో రాజధానియందు కితనో అనుచోట ఆయనకు గుడి కట్టిరి. కాలక్రమమున ఆ ఉగ్రదేవతయే విద్యాదేవతగా మారి, నేడు పరీక్షలకు పోవు విద్యార్థులు ఆయనకు మ్రొక్కుకొనుచున్నారు. చిత్రమేమనగా, ఉరిమినపుడు జపానువారు "కువబార, కువబార" అందురు. కువబార అనునది ఆయన భూమియున్న ఊరి పేరనియు, అచ్చట ఎన్నడును పిడుగు పడలేదనియు ఒక కథ చెప్పుదురు. మన "అర్జునా, ఫల్గుణా" అను మాటకు ఇంత దగ్గర చుట్టము మరియొక దేశమున ఉండుట ఆశ్చర్యకరము.

ఆ పండితునకు జరిగినది అన్యాయమనుటలో వివాదము లేదు. ఆయన కథ వినినవారి మనస్సు ఆయన పక్షముననే నిలుచును. కాని 930లో ఆ ప్రాసాదమున చనిపోయినవారందరును ముప్పది ఏండ్లనాటి కుట్రలో పాలుగొన్నవారే యని ఎవరు చెప్పగలరు? కథ ఆ ప్రశ్న నడుగదు. చనిపోయిరి గనుక అపరాధులే యని నమ్మి ముందునకు సాగును.

ఆఫ్రికాఖండమున నైజీరియాదేశపు యోరుబాజాతివారి షాంగో కథలో ఈ దోషము మరింత బయటపడును. షాంగో ఓయో రాజ్యమును ఏలిన రాజు. రాజ్యము చెడి ఉరివేసికొని చనిపోయెనని కొందరును, చావలేదు, ఆకాశమున కెక్కి ఉరుమయ్యెనని ఆయన భక్తులును చెప్పుదురు. పూర్వకాలమున ఒక ఇంటిమీద పిడుగు పడినచో, ఆ ఇంటివారు రాజుకోపమునకు పాత్రులైరని నిశ్చయించి, షాంగో పూజారులు వచ్చి వారినుండి అపరాధరుసుము వసూలుచేయు ఆచారముండెను. ఇల్లు కాలినవాడు, కొడుకును పోగొట్టుకొన్నవాడు, పైగా దండుగ చెల్లింపవలెను!

మన దేశమునను ఇటువంటి కథ లేకపోలేదు. కంసుడు నేలకు కొట్టబోగా చేతినుండి జారి ఆకాశమున కెగిరిన యశోదపుత్రిక యోగమాయయని శ్రీమద్భాగవతము. ఉత్తరదేశపు జానపదులు ఆ పసికందే మెరుపయ్యెనని నమ్ముదురు. మేనమామ చేసిన ద్రోహమును ఆమె మరువలేదట. అందుచేత ఉరుములు ఉరుమునపుడు మేనమామయు మేనల్లుడును ఒకచోట నిలువరాదని అచ్చట ఒక ఆచారము. యశోద కన్నబిడ్డ ఏ పాపము చేసి రాతికి ఎదురుగా ఎత్తబడినదను దుఃఖము ఈ కథను పుట్టించియుండును. ఆ దుఃఖము గౌరవింపదగినదే. కాని భాగవతమున ఆ తల్లి కంసునితో పలికినది పగమాట కాదు, హెచ్చరిక. దీనులైన శిశువులను వృథాగా చంపవలదనియే.

ఇతర దేశముల మాట అట్లుంచి, మన ఇండ్లలో జరుగుచున్నదేమి? భారతదేశమున ఇటీవలి లెక్కల ప్రకారము ఏటా రెండువేల మందికి పైగా పిడుగుపాటున మరణించుచున్నారు. వారిలో అధికులు పొలమున పనిచేయు కూలీలు, పశువులకాపరులు, వానకు చెట్టుక్రింద చేరినవారు. గోదావరికిరువైపుల వరిపొలములలోను ప్రత్తిచేలలోను తొలకరికి ముందు వచ్చు గాలివానలు ఇట్టి వార్తలను మోసికొని రాని ఏడు లేదు. వార్త వచ్చిన మరునాడే "ఏ పాపము చేసినాడో" అను మాటయు వచ్చును. ఆ మాట చనిపోయినవానికి వినబడదు. వాని భార్యకు వినబడును. బొగ్గుబాయిలో పైకప్పు కూలి ప్రాణము పోయినవాని ఇంటిముందును ఈ మాట మెల్లగా అనువారు కలరు. రామగుండమున 1978లో శంకుస్థాపన జరిగి 1983నుండి పనిచేయుచున్న మహావిద్యుత్కేంద్రము బొగ్గును మండించి విద్యుత్తును పుట్టించుచున్నది. మనుష్యుడు తన చేతులతో విద్యుత్తును చేసి తీగలమీద పంపుచున్న ఊరిలోనే, మేఘమునుండి వచ్చిన విద్యుత్తు మాత్రము పాపులను వెదకికొని వచ్చునని చెప్పుట ఎంతటి వింత!

ఐతే ఇది తేలికగా కొట్టివేయదగిన విషయము కాదు. "శాస్త్రము చెప్పలేదా?" అని అడుగువారు కలరు. వారికి ముందుగా పురాణమునుండియు, పిదప ధర్మశాస్త్రమునుండియు సమాధానము చెప్పవలసియున్నది.

పిడుగునుగూర్చి శ్రీమద్భాగవతము ఆరవస్కంధము చెప్పినంత లోతుగా మరియే గ్రంథమును చెప్పలేదు. తెలుగుభాగవతమున ఆ స్కంధము పోతనామాత్యునిది కాదు, ఏల్చూరి సింగనది. ఆ కారణముచేతనే కాబోలు, గజేంద్రుని ప్రహ్లాదుని ఎరిగినంతగా తెలుగువారు వృత్రుని ఎరుగరు. వృత్రాసురునిచేత ఓడిన దేవతలు శ్రీహరిని శరణువేడగా, దధీచిమహర్షిని యాచించి ఆయన శరీరమును పొందుడని స్వామి ఆజ్ఞాపించెను. విద్యచేత, వ్రతముచేత, తపస్సుచేత దృఢపడిన శరీరమది. నారాయణకవచవిద్య మొదట ఆయనకడనుండియే త్వష్టకును, విశ్వరూపునకును, పిదప ఇంద్రునకును చేరినది. దేవతలు వచ్చి అడిగినప్పుడు మహర్షి వెంటనే సరేయనలేదు. చిరునవ్వుతో, "చచ్చునపుడు దేహధారులకు కలుగు బాధ మీకు తెలియదా? బ్రతుకగోరువానికి దేహమెంత ప్రియము! విష్ణువే వచ్చి అడిగినను ఎవడిచ్చును?" అను భావముతో పలికెను. దేవతలు సిగ్గుపడి, యాచకునకు పరుల కష్టము తెలియదనియు, తెలిసినచో యాచింపడనియు ఒప్పుకొనిరి. వారి నోటినుండి ఆ ధర్మమును వినుటకే అట్లంటినని చెప్పి, మహర్షి యోగమున దేహమును విడిచెను. విశ్వకర్మ ఆ ఎముకలతో వజ్రమును చేసెను.

కనుక మన సంప్రదాయమున పిడుగైన మానవుడు దధీచి. ఆయనకు ఎవరిమీదను పగ లేదు. రాజ్యము పోగొట్టుకొన్న రాజు కాడు, పదవి పోగొట్టుకొన్న మంత్రి కాడు. వజ్రమున ఉన్నది ఆయన కోపము కాదు, ఆయన ఎముక. ఈ భేదమును గుర్తింపనివానికి ఆ కథ ఒక ఆయుధము పుట్టిన వృత్తాంతముగా మాత్రమే మిగులును.

ఇక ఆ వజ్రము ఎవరిమీద పడినది? వృత్రునిమీద. వాడు రాక్షసుడే కదా, పడదగినదే యని తొందరపడరాదు. ఆ వృత్రుడు పూర్వజన్మమున చిత్రకేతువను మహారాజు, భగవద్భక్తుడు. పార్వతీదేవి శాపముచేత అసురజన్మ మెత్తినవాడు. యుద్ధమధ్యమున ఇంద్రుని చేతినుండి వజ్రము జారి క్రిందపడగా, ఇంద్రుడు సిగ్గుచేత దానిని తీసికొనలేదు. అప్పుడు శత్రువైన వృత్రుడే "ఇది విచారింపదగిన సమయము కాదు, వజ్రమును తీసికొని కొట్టుము" అని ప్రోత్సహించెను. శ్రీహరితేజస్సుతోను దధీచితపస్సుతోను పదునెక్కిన ఆయుధమిది, వృథాపోదు అని దానిని స్తుతించెను. స్వర్గమును, మోక్షమును కూడ కోరక స్వామిదాసులకు దాసుడనై యుందునని అతడు చేసిన ప్రార్థనను వైష్ణవాచార్యులు ఎంతో ఆదరముతో వ్యాఖ్యానించిరి. అతడు పడినపుడు అతని తేజస్సు భగవంతుని చేరినది. కొట్టిన ఇంద్రునకో, బ్రహ్మహత్యాదోషము చుట్టుకొనినది! మానససరస్సున తామరతూడులో వేయేండ్లు దాగియుండెను. పిడుగు పడినవాడు పరమపదమునకు, పిడుగు వేసినవాడు తామరతూడులోనికి. పాపఫలమే పిడుగు అనువారు ఈ ఘట్టమును ఒకసారి చదువుదురుగాక.

ఇంద్రుడు దాగియున్న కాలమున స్వర్గమును పాలించుటకు దేవతలు నహుషుని తెచ్చిరి. ఆయనయు మానవుడే. వజ్రము పట్టవలసిన పీఠము ఒక మానవునకు దొరికినపుడు ఏమి జరిగినది? మహర్షులచేత పల్లకి మోయించి, అగస్త్యుని కాలితో తాకి, కొండచిలువయై అడవిలో పడెను. ఆ కొండచిలువయే తరువాత వనవాసమున భీముని చుట్టివేసెను. ధర్మరాజు వచ్చి ప్రశ్నలకు ఉత్తరములు చెప్పి తమ్ముని విడిపించెను. మనుష్యుడు తన ఎముకను పిడుగుగా ఇచ్చి లోకమును కాచెను. తానే పిడుగు వేయువాడు కాబోయి కొండచిలువయైపోయెను. షాంగో కథను విన్నవారికి నహుషుడు గుర్తునకు రాకమానడు.

మరియొక సాక్షి ఇంటింట పూజలందుకొను ఆంజనేయస్వామి. ఉదయించుచున్న సూర్యుని పండని తలచి ఎగిరిన ఆ బాలునిమీద ఇంద్రుడు వజ్రము విసరగా, ఎడమదవుడ విరిగి కొండపై పడెను. హనుమంతుడను పేరే ఆ గాయమువలన వచ్చినది. పిడుగు పడినవాడు పాపియైనచో హనుమంతు డేమి పాపము చేసినాడు? ఆ మాటకు వచ్చినచో దేవాలయముల ధ్వజస్తంభములమీదను గోపురకలశములమీదను పిడుగులు పడుట అందరెరిగినదే. ఎత్తుగానున్నదానిమీద పిడుగు పడును. అందుకే నేడు గోపురములకును రాగికడ్డీలు అమర్చి దానిని భూమిలోనికి దింపుచున్నారు. ఏ ధర్మకర్తయు "గోపురము ఏ పాపము చేసినదో" అని అడుగుటలేదు.

"సర్వమును కర్మఫలమే కదా, పిడుగుపాటు మాత్రము కాదా?" అని ఒకరు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సమంజసమే. కర్మసిద్ధాంతమును వైష్ణవులు కాదనరు. కాని కర్మగతి గహనమని గీతాచార్యుడే చెప్పియుండగా, ఏ కర్మకు ఏ ఫలమో పొరుగింటి అరుగుమీద కూర్చుండి నిర్ణయించు అధికారము ఎవరికిని లేదు. తన కష్టమును తాను ఓర్చుకొనుటకు ఆ సిద్ధాంతము ఔషధము. ఇతరుల కష్టమును తూచుటకు వాడినచో అది ఔషధము కాదు. గోకులముమీద ఏడు దినములు రాళ్లవాన, పిడుగులు కురిసినపుడు ఏడేండ్ల బాలకృష్ణుడు గోపాలురలో ఎవరి కర్మమెట్టిదో విచారింపలేదు. కొండనెత్తి అందరిని, ఆవులను, దూడలను క్రిందికి రమ్మనెను.

ఇక ధర్మశాస్త్రము. నీటిలో మునిగి, పాముకరచి, పిడుగుపడి కలుగు మరణములు పాపకర్ములకు కలుగునవని చెప్పు స్మృతివాక్య మొకటి ఉన్న మాట నిజము. అట్టివారికి ఆశౌచము, ఉదకదానము వెంటనే లేవనియు, నారాయణబలి జరిపిన పిదపనే శ్రాద్ధాదులు చేయవలెననియు విధి కలదు. ఈ వాక్యమును సగము విని విడిచిపెట్టుటచేతనే ఇన్ని ఇండ్లకు దుఃఖముపై దుఃఖము కలుగుచున్నది. ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున కల్యాణనగరమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి రచించిన మితాక్షర, ఆశౌచప్రకరణమున ఈ వాక్యమును తీసికొని విచారించినది. కోరి ప్రాణము తీసికొనబోయినవారికి, తెలిసి తెలిసి ప్రమాదమునకు ఎదురేగినవారికి మాత్రమే ఈ నిషేధము వర్తించునని నిర్ణయించినది. ఏమరుపాటున అగ్ని, జలము మొదలైనవానిచేత మరణించినవానికి ఆశౌచము పాటింపవలెను, ఉదకక్రియ చేయవలెను అను అంగిరసుని వచనమును ప్రమాణముగా చూపినది. సంస్కృతమున ప్రమాదమనగా ఏమరుపాటు. తెలుగున ఆ శబ్దమునకు అనుకోని ఆపద అను అర్థము రూఢమైనది. ఈ సందర్భమున రెండర్థములును సరిపోవును. కలుపుతీయుచు ఆకాశమువంక చూడని కూలిమనిషి పిడుగుకు ఎదురేగినది కాదు. మస్టరు పడి బాయిలోనికి దిగిన కార్మికుడు పైకప్పును కోరి మీదవేసికొన్నవాడు కాడు.

కొన్ని ప్రాంతములలో పిడుగు పడినవానిని ముట్టరాదని దూరముగా నిలుచుటయు, పేడలో కప్పిపెట్టుటయు కలదు. ఇది శాస్త్రము కాదు, వైద్యమును కాదు. పిడుగు తగిలిన శరీరమున విద్యుత్తు నిలువదు. తాకినవారికి ఏమియు కాదు. గుండె ఆగినవానికి ఆ కొద్ది నిమిషములలో రొమ్మునొత్తి ఊపిరి ఊది ఆసుపత్రికి చేర్చినచో బ్రతుకుటయు కలదు. ముట్టుకొనుటకు జంకినచో ఆ నిమిషములు గడచిపోవును.

ఆయువు తీరి ఆతడు దక్కనిచో, మితాక్షర చెప్పినట్లు ఆ ఇంటివారు అందరివలెనే పది దినములు ఆశౌచము పట్టవలెను. దశాహమున గోదావరికి పోయి తిలోదకములు విడువవలెను. మంథని రేవుననైనను, ధర్మపురి రేవుననైనను కర్మ చేయించు పురోహితుడు నారాయణబలి లేనిదే పనికిరాదని చెప్పనక్కరలేదు. మనస్సమాధానమునకు చేసికొందుమని ఇంటివారే కోరినచో అది వారి ఇష్టము. శుభస్వీకారమునాడు ఆ ఇంట విస్తరిముందు కూర్చుండుటకు ఇరుగుపొరుగువారికి శాస్త్రమున అడ్డమేదియు లేదు.